అపార్ట్‌మెంట్ ఉగాది: పచ్చడి గ్లాసుల్లో పోయాలా, చెంచాతో పెట్టాలా?

వంట కమిటీ, మియాపూర్

అందరికీ నమస్కారం. ఈసారి (2026) ఉగాది మార్చి 19న కదా. మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున 10 గంటలకు పంచాంగ శ్రవణం, దానికి ముందే అందరికీ పచ్చడి. 120 మంది దాకా వస్తారు. కిందటేడు కేటరింగ్ వాళ్లకు అప్పజెప్పాం. రాత్రే కలిపి తెచ్చినట్టున్నారు. అరటిపండు నల్లబడిపోయింది, వేపపువ్వు నానీ నానీ నోట పెట్టలేనంత చేదు దిగింది. సగం కప్పులు చెత్తబుట్టలో తేలాయి. అందుకని ఈసారి మనమే చేద్దామనుకున్నాం, గొడవ అక్కడే మొదలైంది. కమిటీలో సగం మంది కుండలో పలుచగా కలిపి గ్లాసులతో పోద్దామంటున్నారు. మిగతా సగం చిక్కగా చేసి చెంచాతో పెట్టాల్సిందే, లేకపోతే అది పచ్చడే కాదంటున్నారు. పండ్లు వేయాలా వద్దా అన్నది ఇంకో రభస. ఇంతమందికి నిజంగా చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ ఆడబిడ్డ

ఇందులో అడగడానికేముందండీ? మాకు ఉగాది పచ్చడంటే తాగేదే. కొత్త కుండకు పసుపు కుంకుమ పెట్టి, మెడకు మామిడాకులు కట్టి, నిండా కలుపుతాం. వచ్చినవాళ్లకు వచ్చినట్టు గ్లాసుతో ఇస్తాం. మధ్యాహ్నం దాకా పిల్లలు కుండ చుట్టే తిరుగుతారు. ఎండలు ముదిరే రోజుల్లో చింతపండు, బెల్లం నీళ్లు కడుపులో పడితే ప్రాణం లేచొస్తుంది. చెంచాడు చేతిలో వేసి పంపిస్తే పండగకు పిలిచినట్టా, మందు వేసినట్టా?

పండ్లు కూడా వేస్తాం. మామిడికాయ సన్న ముక్కలు ఎలాగూ ఉంటాయి. అరటిపండు, ద్రాక్ష, కొబ్బరి పలుకులు, పుట్నాల పొడి, కాస్త సోంపు. పుట్నాల పొడితో కొంచెం చిక్కదనం వస్తుంది, పులుపు గొంతు పట్టదు.

తెనాలి వంటిల్లు

నాలుక మీద పెట్టగానే ఆరు రుచులూ ఒక్కసారే తగలాలి. అందుకోసమే కదా ఈ తంతంతా. పలుచగా చేస్తే ఏమవుతుందో చెబుతాను. వేపపువ్వు పైకి తేలుతుంది. మామిడి ముక్కలు, మీ పుట్నాల పొడి అడుక్కి దిగుతాయి. ముందు వరసలో నిలబడ్డవాళ్లకు చేదు, మధ్యవాళ్లకు చింతపండు పానకం, చివర వచ్చినవాళ్లకు ముక్కలూ మడ్డీ. ఒకే కుండలోంచి మూడు రకాల పచ్చళ్లు.

మేమైతే కొత్త చింతపండు గుజ్జు చిక్కగా తీసి, బెల్లం తరుగు అందులోనే కరగనిచ్చి, టెంక పట్టని లేత మామిడికాయ తొక్కతోనే సన్నగా తరిగి వేస్తాం. వగరు తొక్కలోనే ఉంది మరి. తలంటు పోసుకుని, దేవుడి దగ్గర పెట్టి, పరగడుపున తినేది అది. గ్లాసుడు ఎవరికి కావాలి?

పండ్ల సంగతంటారా, ఆపిల్, దానిమ్మ, జీడిపప్పు వేసినదాన్ని ఫ్రూట్ సలాడ్ అనండి, సంతోషంగా తింటాను. ఉగాది పచ్చడి అని మాత్రం పెట్టకండి.

కరీంనగర్ ఆడబిడ్డ

గరిటె అని ఒక వస్తువుంటుందక్కా. తిప్పి పోస్తే అందరికీ అన్నీ వస్తాయి. పరగడుపున అన్నారు బాగానే ఉంది, వాళ్ల మీటింగ్ 10 గంటలకు. అప్పటికి అందరూ ఇంట్లో పచ్చడి తినే వస్తారు. ఇక్కడ ఇచ్చేది కలిసి కూర్చున్నందుకు ఇచ్చేది, చేతిలో గ్లాసుంటే నాలుగు మాటలు నడుస్తాయి.

ఖమ్మం బస్టాండ్

మా ఇంట్లో చిక్కగా, ఎదురింట్లో పలుచగా. రెండు చోట్లా తాగి పెరిగాను. అంటే తిని, తాగి.

అనంతపురం నుంచి

మా వీధిలో కన్నడం వాళ్లు ఎక్కువ. వాళ్లకు బేవు బెల్ల, అంటే వేపపువ్వు, బెల్లం ఉంటే పండగ అయిపోయినట్టే. మీ 120 మందికి బెల్లం ముక్కలో ఇంత పువ్వు నొక్కి చేతిలో పెట్టండి. కుండ అక్కర్లేదు, గరిటె అక్కర్లేదు, గొడవ అసలే అక్కర్లేదు.

పాత కేటరర్

ఈ పని చేసి మానేసినవాడిని కాబట్టి రుచి వాదన మీకు వదిలేసి, పని సంగతి చెబుతాను.

120 మందికి చెంచాతో పెట్టాలంటే ఆకు దొన్నెలో, కప్పులో, చెంచాలో కావాలి. వరస మెల్లగా కదులుతుంది, చేతులు జిగురు, చేతులు కడిగే చోట ఇంకో వరస. గ్లాసైతే చకచకా అయిపోతుంది. నా ఓటు గ్లాసుకే. అయితే తెనాలి అమ్మగారు తేలడం, మునగడం గురించి చెప్పింది అక్షరాలా నిజం. గరిటె తిప్పే మనిషి పది నిమిషాల్లో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

మనిషికి 100 మి.లీ. చొప్పున 12 లీటర్లు అనుకోండి. చింతపండు 350 గ్రాములు, బెల్లం 1,800 గ్రాములు, పచ్చి మామిడికాయలు కిలోంబావు, ఉప్పు నాలుగు చిన్న చెంచాలు, మిరియాల పొడి రెండు. నీళ్లు ఒకేసారి పోయకండి, 9 లీటర్ల దగ్గర ఆపి రుచి చూసి, ఆ పైన పోసుకోండి. చింతపండు వేడినీళ్లలో నానబెట్టి పిసకండి. బెల్లం గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పల్చటి గుడ్డలో వడకట్టాల్సిందే. అనకాపల్లి బెల్లమైనా సరే, అడుగున ఇసుక, చెరకు పీచు కనిపిస్తాయి. తెల్లగా మెరిసే బెల్లం తీసుకోకండి, రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చు. ముదురు గోధుమరంగుదే మేలు.

గిన్నె స్టీలుదైనా, మట్టిదైనా పర్లేదు. కళాయి లేని ఇత్తడి, రాగి, అలాగే అల్యూమినియం వద్దు, చింతపండు పులుపుకు లోహం దిగుతుంది. కొత్త కుండ అయితే ముందురోజు నీళ్లు పోసి నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. లేకపోతే మీ పచ్చడి కుండే తాగుతుంది. 12 లీటర్లు ఒకే కుండలో వద్దు, రెండు చేయండి, మోసేవాడి నడుము గురించి కూడా ఆలోచించాలి కదా.

అరటిపండు వేస్తారా, పోసే ముందు తరగండి. తరిగి గాలికి వదిలితే నల్లబడుతుంది, పులుపులో వేస్తే కాస్త ఆలస్యం అవుతుంది గానీ ఆగదు.

ఎడిసన్, న్యూజెర్సీ

ఇక్కడ కథే వేరు. మార్చిలో కోట్లు వేసుకుని వస్తారు. చల్లటి పుల్లటి గ్లాసు చేతికిస్తే సగం బల్ల మీదే వదిలేసి టీ కోసం వెతుక్కుంటారు. మేం చిన్న కప్పులో చిక్కగా, చెంచాతో ఇస్తాం. వేపచెట్టు ఈ చలికి బతకదు కాబట్టి ఇండియా నుంచి వచ్చిన ఎండు పువ్వే గతి. దాన్ని కొంచెం నేతిలో వేయించి పైన చల్లుతాం. తాజా పువ్వు వాసన రాదు, చేదు మాత్రం గట్టిగానే ఉంటుంది. జీడిపప్పు అసలు వేయం, ఎవరి పిల్లలకు నట్స్ పడవో తెలియదు.

తెనాలి వంటిల్లు

చూశారా, అమెరికాలో కూడా చెంచానే.

కరీంనగర్ ఆడబిడ్డ

చలికి అన్నారక్కా, మొత్తం చదవండి. మియాపూర్‌లో మార్చి 19న ఎవరు కోటు వేసుకుంటారు?

నిర్వాహకుడు

ప్రాంతాల గొడవలోకి దించకండి. ఇంకో ఇద్దరు అటుగా రాసిన వ్యాఖ్యలు తీసేశాను.

బాటనీ టీచర్

అందరూ పులుపు, తీపి పట్టుకున్నారు, వేపపువ్వు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఉగాది ఏటా ఒకే తేదీకి రాదు. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, అప్పటికి చెట్ల కింద పువ్వు రాలి పరుచుకుని ఉంటుంది. ఈసారి మూడు వారాలు ముందు. కొన్ని చెట్లకు మొగ్గలే ఉంటాయి. ఇప్పుడే మీ చుట్టుపక్కల చెట్లు చూసిపెట్టుకోండి, రోడ్డు పక్క దుమ్ము కొట్టుకుపోయినవి వదిలేయండి.

పొద్దున్నే చెట్టు కింద పాత చీర పరిచి కొమ్మ దులపండి. కోసిన రెమ్మలు తెచ్చి అలాగే నీళ్లలో వేస్తే ఆకుపచ్చ కాడల చేదంతా దిగుతుంది. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని చూడండి, తెల్లటి సన్న రేకులు ఐదు, మధ్యలో చిన్న గొట్టం, కింద ఆకుపచ్చ తొడిమ. ఆ తొడిమలు, కాడలు ఏరేసి పైభాగమే వాడండి. దగ్గరగా వాసన చూస్తే తేనె వాసన వస్తుంది. నానబెడితే ఆ వాసన పోయి చేదే మిగులుతుంది. కాబట్టి కుండలో కలపకండి. పక్కన గిన్నెలో పెట్టండి, కావలసినవాళ్లు వేసుకుంటారు.

తెనాలి వంటిల్లు

ఇది మాత్రం ఒప్పుకోను మాస్టారూ. కావలసినవాళ్లు వేసుకోవడమంటే ఎవరూ వేసుకోరని అర్థం. పిల్లలు వేసుకోరు, వాళ్లను చూసి పెద్దలూ వేసుకోరు. చేదు లేని ఉగాది పచ్చడి ఏం పచ్చడి? చిక్కదనం మీద రాజీ పడతాను గానీ దీని మీద పడను.

కరీంనగర్ ఆడబిడ్డ

ఈ ఒక్కదాంట్లో అక్కతోనే నేనూ. పువ్వు విడిగా పెడితే అది షర్బత్తే.

కొత్తగా చేరాను

మా ఆవిడకు ఐదో నెల. వేప వద్దంటారని విన్నాం. మరి అందరికీ కలిపి ఇస్తే ఎలా?

బాటనీ టీచర్

కషాయంలాగా, మందు మోతాదులో గర్భిణులు వేప తీసుకోకూడదు. నాలుగు రేకులు వేరే సంగతే అయినా, ఆమెకు అనుమానంగా ఉంటే మానేసే వీలుండాలి కదా. నేను విడిగా అన్నది అందుకే.

షుగర్ తాతయ్య

బెల్లమే కదా తాగండి తాతయ్యా అని మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఎవరో ఒకరు గ్లాసు పట్టుకొస్తారు. బెల్లం కూడా చక్కెరే నాయనా. పై లెక్క ప్రకారం గ్లాసుకు 15 గ్రాములు పడుతోంది, అంటే మూడు చెంచాల చక్కెర దగ్గర దగ్గర. నాలాంటివాళ్లకు చెంచా పచ్చడే క్షేమం. పలుచగా చేసినా నాకు రెండు గుక్కల గ్లాసు ఇవ్వండి, అలిగి కూర్చోను.

పాత కేటరర్

విడిగా, కలిపి అని కొట్టుకోనక్కర్లేదు. పువ్వు గిన్నె వడ్డించేవాళ్ల చేతిలో ఉండాలి, బల్ల మీద కాదు. గ్లాసులో పచ్చడి పోయగానే ఒక చిటికెడు పువ్వు, నాలుగు మామిడి ముక్కలు వాళ్లే వేసి అందిస్తారు. అడగరు, వేసేస్తారు. వద్దన్నవాళ్లకు మానేస్తారు. పువ్వు నానదు, తేలే మునిగే గొడవ ఉండదు, మొదటి గ్లాసు, నూట ఇరవయ్యో గ్లాసు ఒకటే. ఒకరు పోయడానికి, ఒకరు వేయడానికి, మొత్తం ఇద్దరు చాలు. ముక్కలు గోరంత సన్నగా ఉండాలి, లేకపోతే తాగేటప్పుడు గొంతుకు అడ్డం పడతాయి.

తెనాలి వంటిల్లు

అడగకుండా వేస్తారంటే సరే. నాకు మాత్రం చిక్కటిది కావాలి.

వంట కమిటీ, మియాపూర్

చాలా థాంక్సండీ. కమిటీ గ్రూప్‌లో ఇదంతా పెట్టాను. పలుచటిది రెండు కుండలు, పువ్వు, మామిడి గ్లాసులో వేసేది వడ్డించేవాళ్లే. నీళ్లు పోయకముందే రెండు గిన్నెల గుజ్జు పక్కకు తీసి చిక్కటిది కలుపుతాం, దేవుడి దగ్గర పెట్టేది అదే, పెద్దవాళ్లకు చెంచాతో ఇచ్చేదీ అదే. అరటిపండు, ద్రాక్ష మీద ఓటు పెడితే వేద్దామని 9, వద్దని 9 వచ్చాయి, కాబట్టి రెండో కుండలో మాత్రమే వేస్తున్నాం. తాతయ్యగారి మాట విని చిన్న గ్లాసులు కూడా కొన్నాను. కారం సంగతి ఒక్కటే మిగిలింది. మిరియాల పొడి రాసుకున్నాను. పచ్చిమిర్చి అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రాత్రికే చెప్పండి, పొద్దున రైతుబజారుకు వెళ్తున్నా.

తెనాలి వంటిల్లు

పచ్చిమిర్చే.

కరీంనగర్ ఆడబిడ్డ

పిల్లలు తాగేదాంట్లో పచ్చిమిర్చేంటక్కా!