ఆర్గాన్ దేనితోనూ కలవదు కదా, మరి ఆవర్తన పట్టికలో అదే నిలువు వరుసలోని జినాన్ ఎలా కలిసింది?

కావలి వెల్డింగ్ షాపు:
పద్దెనిమిదేళ్లుగా కావలిలో స్టెయిన్‌లెస్ స్టీలు పని చేస్తున్నాను. గేట్లు, మెట్ల రెయిలింగులు, హోటళ్ల వంటగది బల్లలు, అన్నీ ఆర్గాన్ వెల్డింగే, అంటే అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు కప్పి చేసే పని. సముద్రపు గాలి విసిరి టార్చి దగ్గర గ్యాసు చెదిరిందంటే క్షణంలో అతుకు నల్లబడి బెజ్జాలు పడతాయి. గ్యాసు నిలకడగా ఉంటే వెండిలా మెరుస్తుంది. అందుకే సాయంత్రాలు షట్టరు సగం దించి పని చేస్తాం.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి పైకి చదువుతుంటే విన్నాను. బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండాయి కాబట్టి ఆర్గాన్, జినాన్ లాంటి వాయువులు చర్య జరపవట. పేజీ తిప్పితే జినాన్ ఫ్లోరిన్‌తో మూడు సమ్మేళనాలు ఇస్తుందట. "జినాన్‌కూ ఎనిమిదే కదా నాన్నా?" అని అడిగింది. చెప్పలేకపోయాను. నా సందేహం ఇంకొకటి. ఆర్క్‌లో, అంటే టార్చికీ లోహానికీ మధ్య వెలిగే కరెంటు మంటలో, ఆర్గాన్ ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుందని పని నేర్చుకునేటప్పుడు చెప్పారు. అప్పుడైనా ఇనుముతో ఎందుకు కలవదు?

ఒంగోలు కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. రెండింటికీ ఎనిమిదే, కానీ ఆర్గాన్‌వి మూడో కక్ష్యలో ఉంటే జినాన్‌వి ఐదో కక్ష్యలో ఉన్నాయి. కేంద్రకానికి దూరమయ్యేకొద్దీ పట్టు సడలుతుంది. ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి ఆర్గాన్‌కు మోల్‌కు సుమారు 1,520 కిలోజౌళ్లు కావాలి, క్రిప్టాన్‌కు 1,350, జినాన్‌కు 1,170.

ఈ చివరి అంకే చరిత్ర మార్చింది. 1895లో, ఆర్గాన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన రామ్సే పంపిన ఆర్గాన్‌ను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మోయిసాన్ ఫ్లోరిన్‌తో కలపబోయి విఫలమయ్యాడు. 1933లో జినాన్‌తో చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. ఇవి కలవవని రసాయన శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మేశారు. కెనడాలో నీల్ బార్ట్లెట్ అనే రసాయన శాస్త్రవేత్త ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ మీద పనిచేస్తూ, అది ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాక్కోవడం గమనించాడు. ఆక్సిజన్ అణువుకు అయ్యే శక్తి సుమారు 1,165. జినాన్‌కూ దాదాపు అంతే! 1962 మార్చిలో ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఎర్రటి ఆవిరిని రంగులేని జినాన్‌తో కలిపాడు. మంట లేదు, పీడనం లేదు. గది ఉష్ణోగ్రత వద్దే పసుపు రంగు ఘనపదార్థం ఏర్పడింది. నలభై ఏళ్ల పాఠాల్లో ఈ ఘట్టం చెప్పిన ప్రతిసారీ నా గొంతు మారేది.

ఇక మీ ఆర్క్ సంగతి. అక్కడ ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆర్గాన్ దొరికిన ఎలక్ట్రాన్‌ను తీసుకుని మళ్లీ మొదటి స్థితికి వచ్చేస్తుంది. బంధం నిలవాలంటే ఆర్గాన్ ఎలక్ట్రాన్లను బలంగా గుంజే భాగస్వామి కావాలి. ఇనుము ఇచ్చేదే కాని గుంజేది కాదు. పైగా వేల డిగ్రీల వేడిలో బలహీన బంధం ఏదైనా ఏర్పడినా వెంటనే తెగిపోతుంది. ఆర్గాన్‌ను కలపాలంటే వేడి కాదు, చలి కావాలి. 2000లో హెల్సింకీలో గడ్డకట్టిన ఆర్గాన్‌లో హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను ఉంచి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి ఆర్గాన్, హైడ్రోజన్, ఫ్లోరిన్‌లు ఉన్న అణువును తయారుచేశారు. మైనస్ 246 డిగ్రీలు దాటితే అది ఉండదు.

సింగరాయకొండ ఫాబ్రికేటర్:
అన్నా, ఒక మాట. దేనితోనూ కలవదు కదా అని ట్యాంకు లోపల పనిచేసేటప్పుడు ఆర్గాన్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. అది గాలికన్నా బరువు, అడుగున చేరి ఆక్సిజన్‌ను తోసేస్తుంది. వాసన ఉండదు, దగ్గు రాదు. పాల ట్యాంకులో అతుకు వేస్తూ నా కుర్రాడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. పైన మనిషి ఉన్నాడు కాబట్టి లాగగలిగాం. అప్పటినుంచి ఫ్యాను పెట్టనిదే లోపలికి ఎవరినీ దింపను.

కావలి వెల్డింగ్ షాపు:
మాస్టారూ, అమ్మాయి రెండుసార్లు చదివించుకుంది. తమ్ముడూ, రేపే ఫ్యాను తెస్తాను. ఇప్పుడు తను నియాన్, హీలియం సంగతి అడుగుతోంది.

ఒంగోలు కెమిస్ట్రీ మాస్టారు:
ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి నియాన్‌కు 2,081, హీలియంకు 2,372 కావాలి. మామూలు పరిస్థితుల్లో నిలిచే సమ్మేళనం రెండింటికీ లేదు. అయితే వాతావరణ పీడనానికి పది లక్షల రెట్లకు పైగా నొక్కితే హీలియం సోడియంతో కలిసి స్ఫటికమవుతుంది. ఇంతకీ అమ్మాయిని జినాన్ టెట్రాఫ్లోరైడ్ ఆకారం గీసి పంపమనండి, చూస్తాను.