ఇథియోపియా పల్లెలో నీళ్ల పని: రోజు ఎట్లా గడుస్తది?

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇథియోపియా రిఫ్ట్ వ్యాలీలోని ఒక పల్లెకు ఫ్లోరైడ్ నీళ్ల పని మీద వెళ్తున్నా. అక్కడి తిండీ, రోజువారీ బతుకూ ఎట్లుంటయి? అమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు 1
తమ్ముడూ, నేను అక్కడ పనిచేసి వచ్చాను. మాది నకిరేకల్. ముందు గడియారం సంగతి. వాళ్ల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది, మన ఉదయం 7 వాళ్లకు 1. మీటింగ్ టైమ్ ఏ లెక్కో అడిగి ఖాయం చేసుకో. తిండి ఇంజెరా: టెఫ్ అనే సన్న గింజల పిండి పులియబెట్టి పోసిన పెద్ద అట్టు. దానిమీద శిరో అనే శనగపిండి కూర. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసం, పాలు ముట్టరు. మాంసం తినకపోతే ఆ రోజుల్లో నీకు సుఖం. కాఫీకి పిలిస్తే మూడు విడతలు పోస్తారు, మధ్యలో లేవకు. ఆ కూర్చున్నచోటే ఊరు నిన్ను నమ్ముతుంది.

జవాబు 2
పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నీరీ (నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ల నల్గొండ పద్ధతిని అక్కడా వాడారు. పటిక మోతాదు ప్రతి బోరుకూ వేరు. అడుగున చేరే మడ్డిని ఎక్కడ పారబోస్తారో మొదటిరోజే చూడండి.

జవాబు 3
మా నాన్న నడుము ఈ ఫ్లోరైడ్ నీళ్లతోనే వంగిపోయింది. అక్కడి పిల్లల పళ్లు చూడు తమ్ముడూ, ఫ్లోరైడ్ మరకలుంటే ఏ బోరు నీళ్లు తాగుతున్నారో తల్లులను అడుగు. అమ్మకు నేను ఫోన్ చేసి మాట్లాడతా.