ఫారో దీవుల స్వపరిపాలన హక్కా, డెన్మార్క్ అనుగ్రహమా?

ప్రశ్న:
డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవులకు 1948 నుంచి స్వపరిపాలన ఉందంటారు. ఆ అధికారం డెన్మార్క్ పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చినదే కాబట్టి దాన్ని అనుగ్రహమనే అంటాను. 1946 ప్రజాభిప్రాయ సేకరణలో విడిపోవాలన్నవారికి స్వల్ప ఆధిక్యం వచ్చినప్పుడు రాజు పదవ క్రిస్టియన్ అక్కడి శాసనసభ లోగ్టింగ్‌నే రద్దు చేశారు. తర్వాతి ఎన్నికల్లో కలిసి ఉండాలన్న పక్షాలు నెగ్గాయి, నిజమే. అయినా ఆ రద్దును నేను సమర్థించలేను.

సమాధానం:
ఆ రద్దును నేనూ సమర్థించను. అయితే అధికారం ఏ కాగితం మీద పుట్టిందన్నదానికంటే, ఆ ప్రజల బతుకుతెరువు మీద నిర్ణయం ఎవరిదన్నదే నాకు ముఖ్యం. యాభై వేలు దాటిన ఆ జనాభాకు చేపలే ఆధారం. వస్తు ఎగుమతుల్లో సింహభాగం అవే. 1973లో డెన్మార్క్ నేటి ఐరోపా సమాఖ్యకు పూర్వరూపమైన ఐరోపా ఆర్థిక సమాజంలో చేరినప్పుడు, తమ సముద్రంపై పట్టు పోతుందని ఫారో దీవులు బయటే ఉండిపోయాయి. 2013లో హెర్రింగ్ చేపల వాటాపై తగాదా వచ్చి ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించినప్పుడు, సమాఖ్య సభ్యదేశంగా వాటిని అమలు చేయవలసిన డెన్మార్కే, ఫారో దీవుల తరఫున అదే సమాఖ్యపై ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. మరుసటి ఏడాది ఆంక్షలు తొలగిపోయాయి. అనుగ్రహం మీద బతికేవారి కోసం ఏ ప్రభుత్వమూ ఇంత ఇరకాటంలో పడదు.

ప్రశ్నించినవారి స్పందన:
ఆ ఉదంతమే నా వాదనకు బలం. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫారో దీవులకు సొంత సభ్యత్వం లేదు కనుకనే డెన్మార్క్ ఫిర్యాదు చేయవలసి వచ్చింది. 179 స్థానాల డెన్మార్క్ పార్లమెంటులో వారికి దక్కేవి రెండే.

సమాధానం:
బయటి వ్యవహారాల్లో ఆ లోటు ఉందని ఒప్పుకుంటున్నాను. శాఖల బదిలీపై వచ్చిన 2005 చట్టం ప్రకారం రాజ్యాంగం, పౌరసత్వం, సుప్రీంకోర్టు, విదేశాంగ, రక్షణ, ద్రవ్య విధానాలు డెన్మార్క్ వద్దే ఉంటాయి. మిగిలినవాటిలో చాలా భాగాన్ని లోగ్టింగ్ తనంత తానే చేపట్టవచ్చు గాని, చేపట్టిన శాఖ ఖర్చును కూడా భరించాలి. పోలీసు శాఖ అలా తీసుకోదగినదే అయినా, ఇంకా డెన్మార్క్ చేతిలోనే ఉంది. దాన్ని ఎప్పుడు తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో తేల్చుకోవలసినది ఫారో రాజధాని టోర్స్‌హావ్న్‌లో కూర్చునే 33 మంది లోగ్టింగ్ సభ్యులే.