అప్‌డేట్: డిక్షనరీ పుట్టుక మీది పుస్తకం అయిపోయింది

పోయిన నెల అడిగిన, గుర్తుందా? డిక్షనరీ ఎట్ల తయారైందో చెప్పే ఇంగ్లీషు పుస్తకం మా బావ ఇచ్చిండు, నిద్ర రాకుండ చదవొచ్చా అని. ‘ముందుమాట వదిలెయ్, పిచ్చాసుపత్రి కథ కాడ మొదలుపెట్టు’ అన్నరు ఒకరు. అట్లనే చేసిన. నల్లగొండ నుంచి దేవరకొండ బస్సుల పోతూ వస్తూ 11 రోజుల్ల చదివేసిన. రెండుసార్లు దిగే స్టాపు దాటిపోయిన.

ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ అంటే నలుగురు పండితులు కూసొని రాసిండ్రనుకున్న. కాదట! ఎడిటర్ జేమ్స్ మర్రే మామూలు జనాన్నే అడిగిండు: పుస్తకాలు చదువుండ్రి, మాట ఏ వాక్యంల దొరికిందో, అది ఏ ఏటిదో చీటీ మీద రాసి పంపుండ్రి అని. 1879ల పని చేతికొచ్చింది, 1915ల ఆయన పోయిండు, పూర్తయిందేమో 1928ల. నాలుగు లక్షలపైన మాటలు.

వేల చీటీలు పంపిన డాక్టర్ మైనర్, లండన్‌ల ఒక మనిషిని చంపి బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిల ఉన్నోడు. ఆయన తెలివి చూడుండ్రి: ఉత్తగ చీటీలు కుప్పబోయలె. తన పుస్తకాల్లోని మాటలకు పట్టీ రాసుకొని, మీకాడ ఇప్పుడు ఏ మాట మీద పని నడుస్తుందని డిక్షనరీ వాళ్లను అడిగి, దానికే పంపేటోడు. పుస్తకం విలువ నాకు ఆడ్నే వచ్చేసింది. మైనర్ అమెరికా అంతర్యుద్ధంల ఉన్నప్పటి భాగం మాత్రం సాగదీసినట్టనిపించింది.

మా నాయినమ్మ మాటలకు నేనూ చీటీలు మొదలుపెట్టిన. ‘ఇగురం’ అంటే ఏంది అని అడిగితే, ‘నీకు లేనిది’ అన్నది. అట్లనే రాసుకున్న, తారీకు వేసి.