దేవుడు తండ్రి అయితే మనకు కీడు రాదని నమ్మొచ్చా?

నీటిఊట:
అందరికీ వందనాలు. "నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అనే 91వ కీర్తన మాట మీద మొన్న ఒక ప్రసంగం విన్నాను. తండ్రి ప్రేమను నిజంగా నమ్మితే ఇది అక్షరాలా జరుగుతుందట, జరగకపోతే లోపం మన విశ్వాసంలోనేనట. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు కూడా అక్కడ కూర్చుని వింటున్నారు. ఈ బోధ సరైనదేనా?

మిణుగురు:
వాగ్దానాన్ని పలచన చేయొద్దు సిస్టర్. చేప అడిగిన కొడుకు చేతిలో ఏ తండ్రీ పాము పెట్టడని యేసే అన్నాడు. ఆపరేషన్ ముందు రాత్రంతా నేను ఈ కీర్తనే చదువుకున్నాను. బతికి బయటపడ్డాను.

ఎందుకంటే:
మీరు బతికినందుకు సంతోషం బ్రదర్. కానీ సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి రాగలిగేది బతికినవాళ్లే కదా. ఆంటొనీ ఫ్లూ అనే తత్వవేత్త 1950లో ఇదే అడిగాడు. గొంతు క్యాన్సర్‌తో పిల్లవాడు చనిపోతుంటే కన్నతండ్రి అల్లాడిపోతాడు, పరలోకపు తండ్రి కదిలినట్టే కనబడడు. అప్పుడు విశ్వాసులు "ఆయన ప్రేమ మనుషుల ప్రేమలాంటిది కాదు" అని సర్దుకుంటారు. ఇలా సర్దుకుంటూ పోతే ఆ ప్రేమలో చివరికి మిగిలేదేమిటి?

పాతబైండు:
ముందు మిణుగురు గారికి. ఆ కీర్తనను అక్షరాలా పట్టుకుని దూకమన్నది ఎవరో మత్తయి 4లో చూడండి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి ఆ మాటలు వల్లించినవాడు సాతాను. యేసు కీర్తన అబద్ధమనలేదు, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు, అంతే.

ఇక అపొస్తలుల కార్యములు 12. హేరోదు రాజు యేసు శిష్యుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో దూత వచ్చి పేతురును చెరసాల నుంచి విడిపించాడు. యాకోబుకు విశ్వాసం తక్కువని ఆ పుస్తకం రాసిన లూకా రాయలేదు, అసలు కారణమే రాయలేదు. ఇంకో సంగతి. సంఘం పేతురు కోసం ప్రార్థిస్తూనే ఉంది, తీరా అతను వచ్చి తలుపు తడితే, ఆ కబురు తెచ్చిన పనిపిల్ల రొదేను "నీకు పిచ్చి" అన్నారు! విడుదల దొరికిన ప్రార్థన వెనుక ఉన్న విశ్వాసం ఈపాటిది. కాబట్టి చనిపోయినవాళ్ల ఇంట్లో విశ్వాసాన్ని కొలవడం మానేద్దాం.

ఎందుకంటే గారూ, "ఆయన ప్రేమ వేరు" అనే జవాబు నాకూ నచ్చదు. నాకు కనబడేది గెత్సేమనే, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట. "అబ్బా తండ్రీ, ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించుము" అని కొడుకే అడిగాడు, ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగలేదు. అయినా సిలువ మీద చివరి ఊపిరిలో లూకా వినిపించే పిలుపు "తండ్రీ" అనే. ఇది రుజువు కాదు, ఆ పిల్లవాడు ఎందుకు చనిపోయాడో కూడా దీనివల్ల తెలియదు. కానీ క్షేమంగా ఉంటేనే ఆయన తండ్రి అనే షరతు క్రైస్తవ విశ్వాసంలో మొదటి నుంచీ లేదు.

మిణుగురు:
మరైతే కాపాడమని ప్రార్థన చేయడం దేనికి?

పాతబైండు:
అడగమని ఆయనే అన్నాడు కనుక. దానియేలు గ్రంథంలో, ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజు ఎదుటే షద్రకు, మేషాకు, అబేద్నెగోలు మా దేవుడు రక్షించగలడని చెప్పారు, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా చెప్పారు. రెండో మాట అన్నందుకు వాళ్ల విశ్వాసం తగ్గిందని ఎవరంటారు?

ఎందుకంటే:
ఒప్పుకుంటాను, విశ్వాసం తక్కువనే నింద పోయింది. కానీ పేతురుకు దక్కింది యాకోబుకు ఎందుకు దక్కలేదంటే మీ దగ్గరా జవాబు లేదు. బయటి నుంచి చూస్తే నాకిది లాటరీలాగే ఉంది.

పాతబైండు:
నిజమే, లేదు. క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని విడదీయలేనివి చెబుతూ రోమా 8లో పౌలు కత్తిని కూడా చేర్చాడు. కత్తి మన మీదికి రాదని మాత్రం అనలేదు. అంతకు మించి చెబితే అది నా సొంత కల్పన అవుతుంది.