వోయ్నా క్యాంపు దాకా వెళ్ళాలా, ప్రాగ్‌లో నడిస్తే చాలదా?

వ్లతావా ఒడ్డు:
చెక్ దేశంలో కమ్యూనిస్టు పార్టీ ఏలుబడి 1948 ఫిబ్రవరి నుంచి 1989 నవంబరు దాకా. ఆ కాలపు ఆనవాళ్ళు చూడాలని ఎవరు అడిగినా ఇక్కడ ఒకటే సలహా: ప్రిబ్రామ్ దగ్గర, ఖైదీలతో యురేనియం గనుల్లో పని చేయించిన వోయ్నా క్యాంపుకు వెళ్ళండి అని. నేను ఒప్పుకోను. అక్కడి ముళ్ళకంచె, కావలి బురుజులు ఆనాటివి కావు. 2005లో స్మారకంగా తెరిచే ముందు మళ్ళీ నిలబెట్టినవి. కట్టిన నకలు కోసం ఒక రోజంతా ఖర్చు చేయడం ఎందుకు?

ప్రాగ్‌లో మ్యుజియుమ్ మెట్రో స్టేషన్ దగ్గర పైకి రండి. నేషనల్ మ్యూజియం ముందు, ఫౌంటెన్ దగ్గర నేల చూడండి. రాళ్ళు పరిచిన దారిలోంచి కంచు శిలువ ఒకటి పైకి లేస్తున్నట్టు ఉంటుంది, చుట్టూ రాళ్ళు ఉబ్బి ఉంటాయి. సోవియట్ సైన్యం దేశాన్ని ఆక్రమించినందుకు నిరసనగా 1969 జనవరి 16న యాన్ పలాఖ్ అనే విద్యార్థి అక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. నేలమట్టంగా ఉండడంతో చాలామంది గమనించకుండా దాటిపోతారు. తల ఎత్తితే మ్యూజియం స్తంభాలు. 1968 ఆగస్టులో సోవియట్ సైనికులు కాల్చిన తూటాల దెబ్బలను ఇటీవలి మరమ్మతులో కూడా పూర్తిగా పూడ్చలేదు. అక్కడినుంచి వాత్స్లావ్ స్క్వేర్ దిగి నారోద్ని వీధి 16వ నంబరు దగ్గరికి వెళ్తే ఆర్కేడ్ గోడకు చేతులు చాచిన చిన్న కంచు ఫలకం, 1989 నవంబరు 17 తేదీతో. ఆ రోజు విద్యార్థుల ఊరేగింపును పోలీసులు కొట్టారు, పార్టీ పాలన కూలడం అక్కడ మొదలైంది. వంతెన దాటితే ఊయెజ్ద్‌లో కమ్యూనిస్టు పాలన బాధితుల స్మారకం. మొత్తం నడక రెండున్నర కిలోమీటర్లు దాటదు.

గని దీపం:
వ్లతావా గారూ, కంచె కొత్తదే, కాదనను. ఎందుకు కొత్తదో కూడా చెప్పాలి కదా. 1961లో క్యాంపు మూసేశాక సైన్యం ఆ స్థలాన్ని తీసుకుని 2000 దాకా వాడుకుంది. కంచె మళ్ళీ కట్టారని కాంక్రీటు శిక్షాగది నకలైపోదు. గేటు మీద "పనిద్వారా స్వేచ్ఛకు" అన్న అర్థం వచ్చే చెక్ మాటలు ఉంటాయి. నాజీ క్యాంపుల గేట్ల మీద ఉండే మాటలాంటిదే ఇది, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకే మళ్ళీ ఒక క్యాంపుకు ఎక్కింది! ఇది నగరంలో ఏ ఫలకం చెప్పదు.

వెళ్ళే పద్ధతి చెబుతాను, ఎందుకంటే జనం పొరపాటు పడేది ఇక్కడే. మెట్రో బి లైన్‌లో ఆండెల్‌లో దిగి నా క్నీజెత్సీ వైపు పైకి వస్తే ప్రిబ్రామ్ బస్సులు, సుమారు గంట ప్రయాణం. ఆండెల్ స్టేషన్‌లోనే కాసేపు ఆగండి. 1985లో దీన్ని "మాస్కో స్టేషన్" అన్న పేరుతో తెరిచారు. 1990లో పేరు తీసేశారు కానీ సోవియట్ కాలపు కంచు శిల్పఫలకాలు అలాగే ఉన్నాయి. ప్రిబ్రామ్‌లో దిగాక గనుల మ్యూజియం అని అడిగితే బ్ర్షెజొవే హోరి పేటకు పంపుతారు. వోయ్నా అదే సంస్థ కిందిదే, కానీ ఊరికి ఐదు కిలోమీటర్ల అవతల. శని, ఆదివారాల్లో అటు స్థానిక బస్సులు తక్కువ. తిరుగు బస్సు వేళ ముందే చూసుకోకపోతే నడవాల్సిందే. సోమవారం అసలు పెట్టుకోకండి.

పద్మజ:
ఊయెజ్ద్ స్మారకం గురించి ఇద్దరూ ఒక ముక్క వదిలేశారు. 2002లో పెట్టిన ఒల్‌బ్రామ్ జోబెక్ శిల్పాలవి. మెట్ల మీద పైకి వెళ్ళేకొద్దీ మనిషికి చెయ్యి పోతుంది, ఛాతీ చీలుతుంది, చివరికి కాళ్ళే మిగులుతాయి. మెట్ల నడుమ లోహపు పట్టీ మీద లెక్కలు: జైలుపాలైనవారు 2,05,486, ఉరితీయబడినవారు 248, సరిహద్దు దాటబోయి చనిపోయినవారు 327. చాలామంది ఫోటో తీసుకుని కాళ్ళ కింది అంకెలు చదవకుండా వెళ్ళిపోతారు. శిల్పాలన్నీ మగవారివే అన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. 1950 జూన్ 27న పాంక్రాత్స్ జైల్లో ఉరితీసిన మిలాదా హొరాకోవా స్త్రీ, పార్లమెంటు సభ్యురాలిగా పనిచేసిన మనిషి.

నా మటుకు నగరంలో తప్పక చూడాల్సింది వీత్కోవ్ గుట్ట మీది స్మారక భవనం. 1953లో చనిపోయిన కమ్యూనిస్టు అధ్యక్షుడు గొత్వాల్డ్ శవానికి మందులు పూసి 1962 దాకా అక్కడ ప్రదర్శనకు పెట్టారు, తర్వాత దహనం చేశారు. శవాన్ని కాపాడిన నేలమాళిగ ఇప్పుడు తెరిచే ఉంటుంది. ఒక్క శవాన్ని చెడకుండా ఉంచడానికి ఎంత యంత్రాంగం కావాల్సివచ్చిందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. వారమంతా తెరవరు, వెళ్ళే రోజు చూసుకోండి. గుట్ట ఎక్కడం కాస్త నిటారుగానే ఉంటుంది.

శేషు (బ్ర్నో):
ఖైదీలు, నాయకులు, ఇంతేనా? మామూలు ఊళ్ళకు ఏమైందో చూడాలంటే ఉత్తరాన మోస్త్‌కు వెళ్ళండి. పాత ఊరి కింద లిగ్నైట్ బొగ్గు ఉందని ఊరినే కూల్చేశారు. ఒక్క గోతిక్ చర్చిని మాత్రం 1975లో పట్టాల మీద 841 మీటర్లు జరిపారు, నిమిషానికి రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో. జరిపిన చర్చి ఉంది, తవ్విన గొయ్యి ఇప్పుడు చెరువైంది, జనాన్ని తరలించిన కాంక్రీటు పలకల అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. ఇందులో నకలు ఏదీ లేదు. మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ కర్మాగారం 1960లలో చెకోస్లోవేకియా సహకారంతోనే వచ్చింది కాబట్టి, ఆ ఇంజనీర్ల దేశం సొంత ఊళ్ళతో ఏం చేసుకుందో తెలుసుకోవడం మనకూ అక్కరకొస్తుంది.

వ్లతావా ఒడ్డు:
శిక్షాగది మాట ఒప్పుకుంటున్నాను, గని దీపం గారూ. అయితే యురేనియం క్యాంపు చూడాలనే పట్టుదల ఉంటే వోయ్నాకంటే పశ్చిమాన కొండల్లోని గనుల ఊరు యాఖిమోవ్ మేలు కదా? అక్కడ దగ్గర్లోని ఓస్త్రోవ్ పక్కన "ఎర్ర మృత్యు గోపురం" ఉంది, ఇటుకల కట్టడం, అసలుదే. ఖైదీలు యురేనియం ఖనిజాన్ని పిండి చేసి పీపాల్లో నింపితే సోవియట్ యూనియన్‌కు రైళ్ళలో పోయేది. ఆ ధూళంతా వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. 2019 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

గని దీపం:
గోపురం లోపలికి మనకు వీలైనప్పుడు వెళ్ళడం కుదరదు, ముందుగా మాట్లాడుకోవాలి. యాఖిమోవ్ కొండల్లో క్యాంపుల వెంట సాగే నడకదారి ఎనిమిది కిలోమీటర్ల పైనే. సమాచార పలకలు, పునాదులు తప్ప కంటికి కనిపించేది తక్కువ, మంచు పడితే అదీ ఉండదు. ప్రాగ్ నుంచి కార్లోవీ వారీ దాకా రెండు గంటల పైచిలుకు, మళ్ళీ అక్కడ బస్సు మారాలి. రాత్రి ఆగగలిగినవారికైతే యాఖిమోవ్, ఒక్క పూటే ఉన్నవారికి వోయ్నా. రెండు చోట్లా గని తవ్విపోసిన రాళ్ళ గుట్టలుంటాయి. గుర్తుకు ఒక రాయి జేబులో వేసుకోవాలనిపిస్తుంది, వేసుకోకండి, ఆ రాయిలో యురేనియం ఉండొచ్చు.

పద్మజ:
ఉదయాన్నే ప్రాగ్ నడక పూర్తిచేసి మధ్యాహ్నం వోయ్నా అనుకునేవారికి ఒక మాట: క్రమం తిప్పండి. పొద్దున్నే బస్సెక్కి క్యాంపు చూసి రండి. ఊయెజ్ద్ మెట్లు ఆరుబయటే ఉంటాయి, తలుపు లేదు. చీకటి పడ్డాకైనా ఆ అంకెలు చదవొచ్చు.