మోకాళ్ల అరుగుదల వయసుదా, గనిదా?

నల్లపొర: భూగర్భ బొగ్గు కార్మికుడికి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైతే వృత్తి వ్యాధి అంటారు. మోకాళ్లు, నడుము, మణికట్టు పోతే మాత్రం వయసు అని పంపేస్తారు. యంత్రాలొచ్చాక కూడా వీటికి పరిహారం ఇవ్వాలా? మీరేమంటారు?

గని ఇంజినీర్: అందరికీ ఇవ్వడం కష్టమండీ. బరువున్నవాళ్లకీ, పాత దెబ్బలున్నవాళ్లకీ గని దిగకపోయినా మోకాళ్లు అరుగుతాయి. ఎక్స్‌రేలో ఆ తేడా కనబడదు. బ్రిటన్ 2009లో బొగ్గు కార్మికుల మోకాలి అరుగుదలను పరిహారమిచ్చే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది గానీ, 1986 తర్వాతి పనికి కొన్ని రకాల ఉద్యోగాలే లెక్కలోకి వస్తాయి. యంత్రంతో భారం తగ్గిందనేగా అర్థం?

క్యాప్‌ల్యాంప్: ఇంజినీర్ గారూ, ఆ ఉద్యోగాలేవో కూడా చెప్పాల్సింది. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు శుభ్రం చేసేవాళ్లు, డెవలప్‌మెంట్ పనివాళ్లు (గనిలో కొత్త దారులు తవ్వేవాళ్లు), ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) సామాను విప్పి బయటికి తెచ్చేవాళ్లు లాంటివాళ్లు. కట్టర్ బొగ్గు కోస్తుంది, నిజమే. బెల్టు కింద రాలిన బొగ్గు తీసేది మనిషే. నిలబడే ఎత్తు లేని చోట మోకాళ్ల మీద కూర్చుని పార తిప్పితే, కాళ్లు పంచుకోవాల్సిన బరువంతా నడుము మీదే పడుతుంది. మోకాలి ప్యాడ్ ఉందిగా అంటారు. దాని లోపలికి నీళ్లు, బొగ్గు నలుసులు చేరాయంటే ఆ ప్యాడే చర్మాన్ని ఒరిపిడి పెడుతుంది. మోకాలి చిప్ప ముందున్న తిత్తి వాచి నీరు పడుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 వృత్తి వ్యాధుల జాబితాలో ఈ వాపు ఉంది.

ఇక డ్రిల్లు. ఏళ్ల తరబడి ఆ అదురు తిన్న వేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమవుతుంది. దీని మీద 1998లో బ్రిటన్ అప్పీలు కోర్టు కార్మికుల పక్షానే తీర్పిచ్చింది. అది వయసు కాదు, యంత్రం ఇచ్చిన జబ్బు.

ఎక్స్‌రేలో తేడా తెలియదన్న మాట ఒప్పుకుంటాను. అందుకే బ్రిటన్ కార్మికుడి సర్వీసు కూడా చూసింది: ఆ పనుల్లో మొత్తం 10 ఏళ్లు. మనకూ అలాంటి లెక్కే కావాలి.

గని ఇంజినీర్: సర్వీసు లెక్క సబబే. కానీ డబ్బిచ్చేసి మళ్లీ అదే ఇరుకులో అదే పార చేతికిస్తే లాభమేంటి? ముందు పని తీరు మారాలి.

క్యాప్‌ల్యాంప్: మారాలి, కాదనను. అయితే రికార్డులో లేని నొప్పి కోసం ఏ మేనేజ్‌మెంట్ డబ్బు ఖర్చు పెడుతుంది సార్? పరిహారం కట్టాల్సి వస్తేనే బెల్టు కింద ఎత్తు పెంచుతారు, కేబుల్ లాగడానికి వించ్ కొంటారు.